పదకొండు గంటల పొట్లం

మందు పొట్లం కట్టడం ఒక విద్య అని కాంపౌండరు నమ్మకం. కాగితం మడిచే చోట గోటితో ఒక్కసారే గీయాలి, రెండోసారి గీస్తే చిరుగుతుంది. మొదటి మడతలోకి రెండోది దూరాలి, చివరి చెవి లోపలికి పోవాలి. అలా కట్టిన పొట్లాన్ని మేడ మీద నుంచి విసిరినా రవ్వంత పొడి రాలదు. ముప్పై నాలుగేళ్ళు ఆస్పత్రిలో మందుల కిటికీ వెనక నిలబడి ఆయన కట్టిన పొట్లాలు లక్షల్లో ఉంటాయి. డాక్టర్లు వచ్చారు, పోయారు, కిటికీ వెనక మనిషి మాత్రం మారలేదు. "కాంపౌండరు చేత్తో కట్టిన పొట్లమైతేనే మా ముసలాడికి జ్వరం దిగుతుంది" అని ముసలమ్మలు అంటూ ఉండేవాళ్ళు. ఆయన ఆ మాట నమ్మలేదు గానీ, మర్చిపోనూ లేదు.

ఆయన రిటైరై ఆరేళ్ళయింది. ఇప్పుడు మిగిలిన రోగి ఒక్కతే, కూతురు.

కూతురిని ఇంట్లో పిచ్చుక అంటారు. ఇరవై రెండేళ్ళు వచ్చినా పిచ్చుకే. మూడో ఏట జ్వరం మెదడుకెక్కింది. అప్పటినుంచి మూర్ఛలు. మాట పోయింది, నడక పోయింది, ఐదేళ్ళ కిందట మింగడం కూడా పోయింది. పొట్టకు చిల్లు పెట్టి ట్యూబు వేశారు. తిండైనా మందైనా అందులోంచే. నాలుగు రకాల మాత్రలు, రోజుకు నాలుగు వేళలు. మాత్ర మాత్రగా ట్యూబులో పోదు కాబట్టి కాంపౌండరు నాలుగింటినీ కల్వంలో వేసి మెత్తగా నూరి, గాజుపలక మీద పోసి, బ్లేడుతో సమభాగాలు చేసి పొట్లాలు కడతాడు. పొట్లం మీద పేరు రాయడు. నిలువు గీతలు గీస్తాడు. ఒక గీత అంటే తెల్లవారి ఐదు గంటలు, రెండు గీతలంటే పదకొండు, మూడు గీతలంటే సాయంత్రం ఐదు, నాలుగైతే రాత్రి పదకొండు. కిటికీ దగ్గర చదువు రానివాళ్ళ కోసం అలవాటు చేసుకున్న పద్ధతి అది. చదువొచ్చిన వాళ్ళకు కూడా అదే గీసిచ్చేవాడు.

ఆ కూతురికి తలలో ఆపరేషను చేస్తే మూర్ఛలు చాలావరకు తగ్గుతాయని పెద్ద ఊళ్ళో ఆస్పత్రివాళ్ళు చెప్పి పద్నాలుగు నెలలైంది. అది చేసే డాక్టరు అక్కడివాడు కాదు. ఏడాదికి ఒకసారి వచ్చి నాలుగు రోజులు ఉండి వెళ్ళిపోతాడు. ఈసారి పిచ్చుక పేరు జాబితాలోకి ఎక్కింది. ఇవాళ సాయంత్రం నాలుగు గంటల లోపల చేరాలి, చేరకపోతే ఆ మంచం తర్వాతివాళ్ళది. రైలులో అయితే ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. పోయినసారి రైలు ప్రయాణంలో మూర్ఛ నలభై నిమిషాలు వదల్లేదు. అందుకని ఈసారి విమానం.

రెండు రోజుల ముందే కాంపౌండరు కల్వం ముందు కూర్చున్నాడు. వెళ్ళడం, ఆపరేషను, తిరిగి రావడం అన్నీ కలిపి తొమ్మిది రోజులు, ముప్పై ఆరు పొట్లాలు. మాత్రలు వలిచేసిన ఖాళీ స్ట్రిప్పులన్నిటినీ కత్తెరతో ముక్కలుగా కత్తిరించి చెత్తలో వేస్తుంటే భార్య చూసింది.

"అవెందుకండీ కోసేస్తున్నారు? మందుల పేర్లు వాటి మీదే గదా ఉంటాయి. సంచిలో పడేద్దాం."

"ఖాళీ స్ట్రిప్పు మిగల్చకూడదే. ఎవడైనా ఏరుకుని దాన్లో సుద్దముక్కలు పెట్టి అమ్ముకుంటాడు. ముప్పై నాలుగేళ్ళలో ఒక్క స్ట్రిప్పు బయటికి పోనిచ్చానా నేను?"

"ఇది ఆస్పత్రి కాదు, మనిల్లు. ఇక్కడికి దొంగ ఎవడొస్తాడు, మీ చుట్టాలు తప్ప?"

"నీకు తెలీదు, ఊరుకో."

"నాకెలా తెలుస్తుందిలెండి," అని ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కాంపౌండరు భయమంతా మిషను గురించే. పిచ్చుక గొంతులో కఫం అడ్డుపడితే లాగే మిషను అది, చిన్న సూట్‌కేసంత ఉంటుంది, లోపల బ్యాటరీ. విమానంలో బ్యాటరీలు ఊరికే పోనివ్వరని విన్నాడు. మిషను కంపెనీ కాగితం, బ్యాటరీ వివరాల కాగితం, డాక్టరు ఉత్తరం, ఒక్కోటి మూడేసి నకళ్ళు తీయించి ఫైలులో పెట్టాడు. విమానం వాళ్ళ వైద్య ఫారం నాలుగు పేజీలు తనే కూర్చుని నింపి పంపించాడు. పొట్లాల డబ్బాకు మాత్రం కాగితమేదీ పెట్టలేదు. మందుకు మళ్ళీ సాక్ష్యం దేనికి, కట్టింది తనే కదా.

తొమ్మిదింటికల్లా విమానాశ్రయానికి చేరారు. విమానం పదకొండూ నలభైకి. పిచ్చుకను చక్రాల కుర్చీలో పట్టీలతో కట్టి కూర్చోబెట్టారు. తల ఒక పక్కకు వాలిపోకుండా మెడ దగ్గర తువ్వాలు చుట్టారు. కౌంటరు అమ్మాయి నవ్వుతూ పలకరించి సామాన్లు వేయించుకుంది. తనిఖీ దగ్గర కాంపౌండరు మిషను బల్ల మీద పెట్టాడు. తనిఖీ మనిషి కాగితం చూశాడు, బ్యాటరీ మీద అంకె చూశాడు, రెండూ కలిశాయి. "పర్లేదు సార్, తీసుకోండి" అన్నాడు. మూడు నిమిషాలు కూడా పట్టలేదు.

"చూశావా? కాగితాలు సరిగ్గా ఉండాలే గానీ ఎవడూ ఆపడు," అన్నాడు భార్యతో.

"ఇంక మీసం మెలెయ్యండి," అంది ఆవిడ. కానీ ఆవిడ ముఖం కూడా తేటపడింది.

అప్పుడు పొట్లాలు సర్దిన బిస్కట్ల డబ్బా వచ్చింది.

తనిఖీ మనిషి మూత తీశాడు. లోపల తెల్లటి పొట్లాలు, వరసలు కట్టి, ఒకదాని వీపుకు ఒకటి ఆనించి నిలబడి ఉన్నాయి.

"ఇవేంటి సార్?"

"అమ్మాయి మందులు."

అతను ఒకటి విప్పాడు. విప్పడం తెలియక కాగితం చింపేశాడు. పొడి కొంచెం బల్ల మీద పడింది. కాంపౌండరుకు ప్రాణం చివుక్కుమంది.

"నెమ్మదిగా నాయనా! అది ఒక పూట మందు."

తనిఖీ మనిషి సన్నటి కాగితం ముక్కతో పొడిని అద్ది పక్కనున్న పెట్టెలో దూర్చాడు. పెట్టె మీద ఎర్రలైటు వెలిగింది. ఇంకో ముక్కతో మళ్ళీ చేశాడు, మళ్ళీ ఎర్రలైటు. ఇంతసేపూ సార్ సార్ అన్నవాడు ఒక అడుగు వెనక్కి వేసి, చెయ్యెత్తి ఎవరినో పిలిచాడు.

వాళ్ళను పక్క గదిలోకి తీసుకెళ్ళారు. కిటికీ లేని గది. ఒక ఇనప బల్ల, నాలుగు కుర్చీలు, గోడకు గడియారం. తొమ్మిదీ యాభై. పై అధికారిణి వచ్చింది. యాభై ఏళ్ళ మనిషి, కళ్ళజోడు గొలుసుకు వేలాడుతోంది. కఠినంగా ఏమీ లేదు. ముందు పిచ్చుక వైపు చూసి, తర్వాత డబ్బా వైపు చూసింది.

"కూర్చోండి పెద్దాయనా. ఈ పొడి ఏంటి?"

కాంపౌండరు నాలుగు మందుల పేర్లూ, మోతాదులూ గడగడా అప్పజెప్పాడు. ఫైల్లోంచి డాక్టరు ఉత్తరం తీసిచ్చాడు. ఆవిడ వేలు పెట్టి ప్రతి పంక్తీ చదివింది.

"ఉత్తరంలో మాత్రలు అని ఉంది."

"అవునండి. ట్యూబులో పోవాలి కదా, అందుకని నూరాను."

"ఎవరు నూరారు?"

"నేనే."

"నాలుగూ కలిపి నూరేశారా? ఏది ఏదో విడిగా లేవా?"

"కలిపే వెయ్యాలండి. ఏ పూటకా పూట కొలత."

"స్ట్రిప్పులు ఏవి?"

కాంపౌండరు భార్య వైపు చూశాడు. భార్య ఆయన వైపు చూడలేదు. ఒడిలో ఉన్న సంచి పట్టీని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది.

"కోసి పారేశానండి," అన్నాడు చివరికి. "ఖాళీవి ఉంచకూడదని... మాకు ఆస్పత్రిలో అలా నిబంధన..."

"ఈ గీతలేంటి?"

ఆయన గీతల అర్థం చెప్పాడు. చెబుతుంటే ఆయనకే తెలిసింది, ఆ మాటలు ఈ గదిలో ఎలా వినపడుతున్నాయో. పేరులేని తెల్లపొడి, ముప్పై ఆరు పొట్లాలు, రహస్య గుర్తులు. కిటికీ అవతల ముప్పై నాలుగేళ్ళు చేతులు చాపి తీసుకున్నవాళ్ళలో ఒక్కరూ అడగని ప్రశ్న ఇది: ఇందులో ఏముంది?

"వాటిలో ఒక మందు నిద్రమాత్రల జాతిది," అంది అధికారిణి. "ఎర్రలైటు వెలిగింది దానికేనేమో. మీరు చెప్పేది నిజమే అయ్యుండొచ్చు. కానీ నాకు తెలియాలిగా? పరీక్షకు పంపితే రేపు సాయంత్రానికి తెలుస్తుంది."

"రేపటికా? అమ్మా, పదకొండింటికి దాని పొట్లం పడాలి. పడకపోతే మూర్ఛ వచ్చేస్తుంది. నాలుగింటికల్లా అక్కడ చేరాలి. పద్నాలుగు నెలలమ్మా!"

"నేనేం చెయ్యను, చెప్పండి. రేపు ఇంకెవరో ఇదే ఉత్తరం పట్టుకుని ఇంకేదో పొడి తెస్తారు."

ఆవిడ డబ్బాను సీలు సంచిలోకి తోయమని తనిఖీ మనిషికి సైగ చేసింది. అతను చింపిన పొట్లం పక్కన పెట్టి మిగిలినవాటిని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

ఆ క్షణంలో కాంపౌండరుకు ఒక్కటే తోచింది. ఇది మందే. అది తేలేదాకా ఆగే తీరిక లేదు. మనిషి మింగి చూపిస్తే ఇంకేం కావాలి? ఆయన లేచాడు. డబ్బాలోంచి రెండు గీతల పొట్లం ఒకటి లాగాడు, ఒక్క తిప్పుకు విప్పాడు, తల వెనక్కి వంచి పొడి మొత్తం నోట్లో పోసుకున్నాడు. నీళ్ళు లేవు. చేదు గొంతుకు పట్టుకుంది. మింగాడు. ఖాళీ కాగితం తిరగేసి బల్ల మీద దులిపి చూపించాడు.

"ఇదిగో! విషమా? మాదకద్రవ్యమా? తిన్నాను. ఉన్నానా లేదా? పంపించండి ఇంక."

గదిలో అందరూ ఒక్కసారే కదిలారు. అధికారిణి "ఎంత పని చేశారయ్యా!" అంటూ ఫోను ఎత్తింది. తనిఖీ మనిషి డబ్బా మూత దబ్బున మూసి రెండు చేతులతో పట్టుకున్నాడు. భార్య కుర్చీలోంచి లేవలేదు.

"మీకు మతి గాని పోయిందా?" అంది, అరవకుండా. "అది దాని మందు. మీది కాదు."

"నిరూపించొద్దా మరి?"

"ఏం నిరూపించారు? పొట్లం ఒకటి తగ్గింది, అంతే."

డ్యూటీ డాక్టరమ్మ పదీ ఇరవైకి వచ్చింది. చిన్నపిల్ల, జుట్టు తడి కూడా ఆరలేదు. చకచకా పని చేసింది. కాంపౌండరు నాడి చూసింది, కళ్ళలో లైటు వేసింది, ఉత్తరం చదివింది, పెద్ద ఊరి ఆస్పత్రికి ఫోను చేసి మాట్లాడింది. ఫోను పెట్టేసి అధికారిణితో, "ఉత్తరం నిజమే మేడమ్, అమ్మాయి పేరు జాబితాలో ఉంది. వీళ్ళు చెప్పేదంతా నిజం," అంది.

కాంపౌండరు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "దేవతలా వచ్చావు తల్లీ."

"అంకుల్, నా మాట పూర్తవ్వలేదు. మీరు ఏం తిన్నారో నా దగ్గర రుజువు లేదు. ఉత్తరంలో ఉన్నదే తిన్నారనుకున్నా, అలవాటు లేని, వయసు మళ్ళిన మనిషికి అది పెద్ద మోతాదు. ఇంకో అరగంటలో తల తిరుగుతుంది, నిద్ర ముంచుకొస్తుంది. ఆరు గంటలైనా నా కళ్ళ ముందు ఉండాలి. మిమ్మల్ని విమానం ఎక్కనివ్వలేను."

"నేనెక్కకపోతే పోనీ. దాన్నీ వాళ్ళమ్మనీ పంపించండి."

"పొట్లాలు మాత్రం ఇవ్వలేం," అంది అధికారిణి. "సీలు పడింది."

డాక్టరమ్మ ఒక మనిషిని బయట హాల్లో ఉన్న మందుల దుకాణానికి పరుగెత్తించింది. అతను నాలుగింటిలో రెండు తెచ్చాడు. మూడోది అక్కడ పెట్టరు. నాలుగోది ఆ నిద్రమాత్రల జాతిది, రోజూ చూసే డాక్టరు రాసిన అసలు చీటీ మీద తప్ప ఇవ్వరు. చీటీ ఇంట్లో బీరువాలో ఉంది. "సగమైనా పడనివ్వండి," అంది డాక్టరమ్మ. "రెండు గంటల ప్రయాణమేగా. అక్కడ దిగగానే ఆస్పత్రివాళ్ళే చూసుకుంటారు. ఆంటీ, మీరు ఒక్కరూ తీసుకెళ్ళగలరా?"

"వెళ్తాను," అంది భార్య. ఆ మాట కోసమే కూర్చున్నదానిలా లేచింది. మాత్రలు గ్లాసులో వేసి, చెంచా వీపుతో నలిపి, నీళ్ళు పోసి, సిరంజిలోకి లాగి, పిచ్చుక చొక్కా కొంచెం పైకి తీసి ట్యూబుకు తగిలించి నెమ్మదిగా వదిలింది. చుక్క బయట పడలేదు. గడియారం పదీ యాభై ఐదు చూపిస్తోంది.

కౌంటరు అమ్మాయి చేతిలో కాగితాలతో పరుగున వచ్చింది. పొద్దున నవ్వినట్టు నవ్వలేదు.

"సార్, గేటు పదకొండూ ఇరవైకి మూసేస్తారు. కానీ ఫారంలో తోడు వెళ్ళే ఎస్కార్టు మీరు. మారిస్తే మా మెడికల్ డెస్కు ఒప్పుకోవాలి."

"మార్చమ్మా. మా ఆవిడే వెళ్తుంది."

"ఫోను చేశాను సార్. వాళ్ళు కుదరదంటున్నారు." ఆ అమ్మాయి మూడో పేజీ తిప్పి బల్ల మీద పెట్టింది. "ఇక్కడ అడిగారు చూడండి, ట్యూబు, మిషను వాడటం తెలిసినవాళ్ళు ఇంకెవరైనా తోడు వస్తున్నారా అని. మీరు ఎవరూ లేరు అని రాశారు."

భార్య ముందుకు వంగి చూసింది. ఆయన దస్తూరీ. మందుచీటీల మీద రాసి రాసి గుండ్రంగా, తీర్చిదిద్దినట్టు ఉంటుంది. ఎవరూ లేరు. దాని కింద ఒక గీత కూడా కొట్టాడు.

"అది ఏదో... తొందరలో రాశాను," అన్నాడు కాంపౌండరు. అప్పటికే మాట కొంచెం ముద్దగా వస్తోంది. "అమ్మాయ్, ఇప్పుడే చూశావుగా, ఎంత బాగా పోసిందో. డాక్టరమ్మా, నువ్వు చెప్పమ్మా. దానికి అన్నీ తెలుసు. పగలు నేను బజారుకెళ్తే ఎవరు చూస్తారు మరి? అదే కదా చూసేది."

డాక్టరమ్మ ఫోను తీసుకుని మెడికల్ డెస్కుతో వాదించింది. గొంతు పెంచింది, తగ్గించింది, బతిమాలింది. అవతలివాళ్ళు ఒకటే అన్నారు: రాతపూర్వకంగా లేరని ఇచ్చారు, గాల్లో ఏమైనా అయితే జవాబుదారీ ఎవరు, కొత్త ఫారం పెట్టండి, రేపు చూస్తాం. పదకొండూ పదిహేను. పదకొండూ ఇరవై. పైన మైకులో ఎవరో విమానం నంబరు చెప్పి, గేటు మూసేస్తున్నామని చెప్పారు. కౌంటరు అమ్మాయి "సారీ ఆంటీ" అని ఫారం మడిచి పట్టుకుని నిలబడింది. ఎటు వెళ్ళాలో ఆ అమ్మాయికే తెలియనట్టు ఉంది.

భార్య ఆ కాగితం మీద నుంచి అప్పటికి కళ్ళు తీసింది.

"పందొమ్మిదేళ్ళు," అంది. వంగి కూతురి మెడ దగ్గర తువ్వాలు సరిచేసింది.

వైద్యం గదికి మార్చారు. రెండు మంచాలు, మధ్యలో చెయ్యి చాపితే అందేంత దూరం. ఒకదాని మీద పిచ్చుక, ఇంకోదాని మీద కాంపౌండరు. పడుకోనని ఆయన మొండికేశాడు. లేచి నిలబడబోతే నేల ఒక పక్కకు వాలింది. నర్సు పట్టుకుని పడుకోబెట్టింది.

పన్నెండుకు ముందే వచ్చింది మూర్ఛ. ఆయనకు అది వచ్చే ముందే తెలుస్తుంది. పిచ్చుక ఎడమ బొటనవేలు లోపలికి ముడుచుకుంటుంది, కనురెప్ప ఒకటి కొట్టుకుంటుంది. ఇప్పుడూ చూశాడు. "వస్తోంది," అన్నాడు. అన్నాననుకున్నాడు. ఎవరూ తిరిగి చూడలేదు. మాట గొంతు దాటలేదు. వేలు ముడుచుకుంది, చెయ్యి బిగుసుకుంది, తర్వాత మంచం మొత్తం గడగడలాడింది. నర్సు కేకేసింది. డాక్టరమ్మ సూది తీసుకుని పరుగెత్తుకొచ్చింది. భార్య అప్పటికే కూతుర్ని పక్కకు తిప్పి, మిషను ఆన్ చేసి, గొట్టం నోట్లోకి పంపి నురగ లాగుతోంది. "మూడు నిమిషాలు," అంది గడియారం చూసి. "నాలుగు." "ఇంకోటి ఇవ్వండమ్మా, దీనికి ఒక్కదానితో ఆగదు." డాక్టరమ్మ ఇంకో సూది ఇచ్చింది. ఏడో నిమిషంలో ఆగింది.

కాంపౌండరు ఇదంతా చూస్తూనే ఉన్నాడు. లేవాలనుకున్నాడు. కాలికి చెప్పాడు, కాలు వినలేదు. చేతికి చెప్పాడు, చెయ్యి దుప్పటి మీద అరంగుళం జరిగి ఆగిపోయింది. నాలుక నోట్లో ఎవరో కుక్కిన గుడ్డలా ఉంది. ఒళ్ళంతా తడిసిన ఇసుక నింపినట్టు. విచిత్రమేమిటంటే చెవులు పనిచేస్తున్నాయి. ప్రతి మాటా వినపడుతోంది, ప్రతి మాటా అర్థమవుతోంది. నర్సు వంగి, "పెద్దాయనా, వినపడుతోందా? వినపడితే చెయ్యి ఎత్తండి," అంది. వినపడుతోందనే చెప్పబోయాడు. ఆవిడ కాసేపు చూసి, "మత్తులో ఉన్నాడు, ఏం తెలీదు," అని వెళ్ళిపోయింది.

ఏం తెలీదు.

ఆ మాట ఆయన చెవిలో పడి అక్కడే ఉండిపోయింది. ఆ మాట తను ఎన్నిసార్లు అన్నాడు? ఇంటికొచ్చిన ప్రతివాళ్ళతో, పిచ్చుక మంచం పక్కనే నిలబడి, దాని ముఖంలోకి చూస్తూ. "దానికేం తెలీదండీ, మొద్దులా పడుంటుంది." తను మింగింది ఒక్క పొట్లం. ఒక్క పూటది. దానికి రోజుకు నాలుగు. ఎన్నేళ్ళుగా? లెక్కలో ఎన్నడూ తప్పని మనిషి ఆ లెక్క చెయ్యలేకపోయాడు. అంకెలు జారిపోతున్నాయి.

పోయిన వానాకాలం తమ్ముడు వచ్చినప్పటి మాట గుర్తుకొచ్చింది. దాని మంచం మీదే, దాని కాళ్ళ దగ్గర కూర్చుని ఇద్దరూ మాట్లాడుకున్నారు. "మా తర్వాత దీన్ని ఎవరు చూస్తార్రా? మాకంటే ముందే పోతే అదే దానికి మేలు," అన్నాడు తను. తమ్ముడు తలాడించాడు. అప్పుడు దాని కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. కళ్ళ చివరి నుంచి నీరు కారితే, మందు వల్ల అలా కారుతుందని తువ్వాలుతో తుడిచాడు.

పక్క మంచం మీద పిచ్చుక కళ్ళు తెరిచింది. సూది మత్తులోంచి సగం తెరుచుకున్న కళ్ళు. తల ఇటు వాలి ఉంది కాబట్టి ఆయన వైపే చూస్తోంది. చూస్తోందో, కళ్ళు ఇటు ఉన్నాయో. అది తెలుసుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు. వినపడేదా తల్లీ నీకు? ఆ మూడు మాటలూ ఆయన మనసులో వరసగా, తప్పు లేకుండా నిలబడ్డాయి. వాటిని నోటి దాకా తేవడానికి బలమంతా పెట్టాడు. పెదవి కదిలింది, మూల నుంచి ఉమ్మి కారింది, అంతే.

గది మూల భార్య ఫోనులో మాట్లాడుతోంది. "లేదండీ, ఇవాళ రాలేం... అవునండి, మా పొరపాటే... ఆ మంచం ఇచ్చేశారా? సరేనండి... మళ్ళీ ఎప్పుడొస్తారాయన?" చాలాసేపు వింది. "వచ్చే ఏడాదా," అంది. సంచిలో వెతికి పెన్ను తీసి అరచేతి మీద ఏదో రాసుకుంది. ఫోను పెట్టేసి వచ్చి ముందు కూతురి నోరు తుడిచింది. తర్వాత ఇటు తిరిగి, అదే గుడ్డతో మొగుడి పెదవి తుడిచింది. ఆయన ఆవిడ ముఖంలోకి చూశాడు. ఆవిడ ఆయన కళ్ళలోకి చూడలేదు.

"దుప్పటి కావాలా?" అని ఎవరో నర్సు గుమ్మంలోంచి అడిగింది.

"కప్పండి," అంది భార్య. "చలేస్తోందని చెప్పలేరుగా."